మోటారు మెకానిక్ శిక్షణలో పాఠ్యసామగ్రి మంచిచెడ్డలు తేల్చడం ఎలా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. గుంటూరు దగ్గరి ఒక ప్రైవేటు ఐటీఐలో రెండేళ్లుగా మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడు బోధిస్తున్న ఒక యువకుడు అడిగారు. కొత్త బ్యాచ్‌కు ఏ పాఠ్యసామగ్రి వాడాలో నిర్ణయించి, నెల రోజుల్లో నివేదిక ఇమ్మని యాజమాన్యం ఆయనకు చెప్పింది. ఆయన ముందు మూడు రకాల సామగ్రి ఉంది: చెన్నైలోని జాతీయ బోధన మాధ్యమ సంస్థ, అంటే మనందరం నిమి అని పిలిచే సంస్థ, ప్రచురించే ట్రేడ్ థియరీ, ట్రేడ్ ప్రాక్టికల్ పుస్తకాలు, బజారులో దొరికే ఒక తెలుగు గైడు, ఒక ప్రైవేటు సంస్థ అమ్ముతున్న వీడియోలు, స్లైడ్లు. మూడూ చూడడానికి బాగానే ఉన్నాయని, వీటిలో నాణ్యత దేనికుందో ఏ కొలతతో తేల్చాలో తెలియడం లేదని ఆయన రాశారు. తెలుగు సామగ్రి కావాలన్నది తన ఆలోచన అని, మూడింటి మీద నా అభిప్రాయం చెప్పమని కూడా అడిగారు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒక లారీ షెడ్డులో 9 ఏళ్లు పనిచేసి, ఆ తర్వాత 22 ఏళ్లుగా బోధకుడిగా ఉన్నాను. పాఠ్యసామగ్రిని పరిశీలించే పని చాలాసార్లు నెత్తిన పడింది. మొదట్లో నేను కూడా పుస్తకాన్ని బల్ల మీద పెట్టుకుని, సిలబస్ కాగితం పక్కన పరచుకుని, అధ్యాయాల పేర్లు సరిపోయాయా లేదా అని టిక్కులు పెట్టేవాడిని. అలా చూస్తే దాదాపు ప్రతి పుస్తకమూ బాగానే కనిపిస్తుంది, ఎందుకంటే అధ్యాయాల పేర్లన్నీ ఒకే సిలబస్ నుంచి దిగినవే కదా. బల్ల దగ్గర కనిపించని లోపం బండి దగ్గర కనిపిస్తుంది. అందుకే నా సలహా ఏమిటంటే, సామగ్రిని మీరు చదివి తీర్పు చెప్పకండి, దాన్ని పట్టుకుని ఒక శిక్షణార్థి పని చేస్తుంటే చూసి తీర్పు చెప్పండి.

ఇది ఎలా చేయాలో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మిగతా పరిశీలన అంతా దీని మీదే నిలబడుతుంది. మూడు రకాల సామగ్రిలోనూ ఉన్న ఒకే జాబ్‌ను, అంటే ఒకే అభ్యాస పనిని ఎంచుకోండి. ట్యాపెట్ సెట్టింగ్, అంటే వాల్వుకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య గ్యాప్ సరిచేయడం, అందుకు బాగా పనికొస్తుంది: పని చిన్నది, కొలత ఉంది, క్రమం ఉంది, తప్పు చేస్తే వెంటనే తెలుస్తుంది. ఒక్కో సామగ్రికి ముగ్గురేసి శిక్షణార్థులను తీసుకోండి. ఒకరు చురుకైనవారు, ఒకరు మధ్యస్థంగా ఉండేవారు, మూడోవారు చదవడానికి ఇబ్బంది పడేవారు కావాలి. ముగ్గురినీ చురుకైనవారినే తీసుకుంటే పరీక్ష సామగ్రికి కాకుండా వారి తెలివికి జరుగుతుంది. ఆ జాబ్‌ను వారికి అంతకుముందు నేర్పి ఉండకూడదు. సంబంధిత పేజీలు చేతికిచ్చి, ఇంజిన్ దగ్గర నిలబెట్టి, మీరు రెండడుగులు వెనక్కి జరగండి. ప్రమాదం ఉంటే తప్ప నోరు విప్పకండి. మనకు ఇదే చాలా కష్టం, పిల్లవాడు తడబడుతుంటే చెయ్యి తనంతట తానే ముందుకు పోతుంది. కానీ మీరు చెప్పిన మాట సామగ్రి ఖాతాలో పడకూడదు. శిక్షణార్థి ఎక్కడ ఆగాడో, ఏ వాక్యాన్ని రెండోసారి చదివాడో, ఏ బొమ్మను చూసి మళ్లీ ఇంజిన్ వైపు చూశాడో, ఎక్కడ పక్కవాడిని అడిగాడో ఆ పేజీ అంచునే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి.

నేను ఒకసారి ఇలా చూసినప్పుడు ఒక గైడులో “ఒకటో సిలిండర్‌ను టీడీసీకి తీసుకురావలెను, ఫీలర్ గేజ్‌తో గ్యాప్ సరిచేయవలెను” అని ఉంది. టీడీసీ అంటే పిస్టన్ పైకి చేరే చివరి చోటు, ఫీలర్ గేజ్ అంటే సన్నటి గ్యాపును కొలిచే రేకు. వాక్యంలో తప్పేమీ లేదు. ముగ్గురిలో ఇద్దరు క్రాంక్ పుల్లీ తిప్పి, గుర్తును గుర్తుకు కలిపి, వెంటనే గేజ్ పెట్టారు. గేజ్ దూరలేదు. దూరడం కోసం లాక్ నట్టు వదులు చేసి స్క్రూను పైకి తిప్పారు. నిజానికి ఆ సిలిండర్ అప్పుడు కంప్రెషన్ చివర లేదు, ఎగ్జాస్ట్ చివర ఉంది. రెండు వాల్వులూ కొద్దిగా తెరుచుకునే ఉన్నాయి. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగితే గుర్తు రెండుసార్లు కలుస్తుందని, వాటిలో ఒకటే మనకు పనికొస్తుందని ఆ పేజీలో ఎక్కడా లేదు. ఇంజిన్ స్టార్ట్ చేసేసరికి ట్యాపెట్లు టకటకమన్నాయి. బోధకుడు పక్కనుంటే నోటితో చెప్పేసే మాట అది. అందువల్లే పుస్తకం చదివినప్పుడు నాకు ఆ లోటు కనిపించలేదు, నా బుర్ర ఆ ఖాళీని తనంతట తానే నింపేసింది.

అదే జాబ్‌ను మంచి సామగ్రి ఎలా చెబుతుందంటే, ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరుస) 1-3-4-2 ఉన్న ఇంజిన్‌లో నాలుగో సిలిండర్ వాల్వులు ఒకటి మూసుకుంటూ ఒకటి తెరుచుకుంటూ కదులుతున్నప్పుడు ఒకటో సిలిండర్ కంప్రెషన్ చివర ఉంటుందని చెబుతుంది, ఎందుకలా ఉంటుందో రెండు వాక్యాల్లో వివరిస్తుంది, ఒకటో సిలిండర్ రాకర్లు రెండింటినీ వేలితో కదిపి చూస్తే కొంచెం ఆడాలని సరిచూసుకునే గుర్తు ఇస్తుంది, గేజ్ లాగితే సన్నటి పట్టు తగలాలని చేతికి తెలిసేలా చెబుతుంది, కొలత చల్లారిన ఇంజిన్‌కా వేడి ఇంజిన్‌కా అన్నది కొలత పక్కనే రాస్తుంది. ప్రతి ముఖ్యమైన అంగ (దశ) తర్వాత “ఇది సరిగ్గా జరిగిందని నీకెలా తెలుస్తుంది” అన్న దానికి జవాబు ఉందా లేదా అన్నది నేను మొదట చూసే విషయం. ఆ జవాబు లేని జాబ్ షీటు శిక్షణార్థిని ఎప్పటికీ మేస్త్రి మొహం వైపే చూసేలా చేస్తుంది.

రెండోది కొలతలు, ప్రమాణాలు. దీనికి శిక్షణార్థి అక్కర్లేదు, మీరే చేయగలరు, కానీ ఓపిక కావాలి. ప్రతి సామగ్రిలోంచి పది అంకెలు అక్కడక్కడా తీసుకోండి: టార్క్ విలువలు, గ్యాపులు, ప్రెషర్లు, వోల్టేజీలు. మీ వర్క్‌షాప్‌లో ఉన్న బండికి తయారీ కంపెనీ ఇచ్చిన సర్వీస్ మాన్యువల్‌తో వాటిని పోల్చండి. ముఖ్యంగా యూనిట్లు చూడండి. మన షెడ్డుల్లో పాత మేస్త్రులందరూ కేజీఎం లెక్కలోనే, అంటే కిలోగ్రామ్ మీటర్లలోనే మాట్లాడతారు; కొత్త మాన్యువల్స్ అన్నీ న్యూటన్ మీటర్లలో ఉంటాయి. ఒక కేజీఎం 9.81 న్యూటన్ మీటర్లకు సమానం, అంటే యూనిట్ తారుమారైతే బిగింపు దాదాపు పదింతలు మారిపోతుంది.

నాకు ఇది బాధాకరంగా అనుభవంలోకి వచ్చింది. చాలా ఏళ్ల కిందట మేము వాడిన ఒక ముద్రిత నోట్సులో స్పార్క్ ప్లగ్ బిగింపు 25 కేజీఎం అని ఉంది. ఉండాల్సింది 25 న్యూటన్ మీటర్లు. రెండో ఏడాది శిక్షణార్థి ఒకడు, చాలా జాగ్రత్తపరుడు, కాగితంలో ఉన్నట్టే చేయాలని టార్క్ రెంచ్‌ను కేజీఎం గీత మీద 25కు పెట్టి లాగాడు. రెంచ్ టక్కుమనాలని ఎదురుచూస్తూ ఇంకా లాగాడు. టక్కుమనలేదు, ప్లగ్ ఒక్కసారిగా వదులై చేతిలో తిరిగిపోయింది. అల్యూమినియం హెడ్డులో థ్రెడ్డు మొత్తం తెల్లటి తీగలా ప్లగ్‌తో పాటే ఊడి వచ్చింది. హెడ్డు దించి లేత్ షాపుకు పంపి కొత్త థ్రెడ్డు ఇన్సర్ట్ వేయించాల్సి వచ్చింది. ఆ కుర్రాడు తన తప్పేననుకుని ఆ వారమంతా రెంచ్ ముట్టుకోలేదు. నిజానికి వాడు సరిగ్గా చేశాడు, చెప్పిన కాగితం తప్పు. అప్పటినుంచి ఏ సామగ్రి ఇచ్చినా నేను ముందు టార్క్ పట్టికే తీస్తాను. పది అంకెల్లో ఒక్కటి తప్పైనా మిగతా అంకెలన్నీ సరిచూసేదాకా ఆ సామగ్రిని వర్క్‌షాప్‌లోకి రానివ్వకండి.

అంకె సరైనదే అయినా, అది ఏ పరిస్థితిలో వర్తిస్తుందో చెప్పకపోతే సగం సమాచారమే. బ్యాటరీ పాఠం చూడండి. బ్యాటరీ ద్రవం సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ రీడింగును 27 డిగ్రీల సెల్సియస్‌కు సరిచేసి చెప్పాలి. ద్రవం అంతకన్నా వేడిగా ఉన్న ప్రతి డిగ్రీకి సుమారు 0.0007 కలపాలి. చల్లని ప్రాంతాల్లో తయారైన వీడియోలు ఈ సవరణను చాలాసార్లు వదిలేస్తాయి. మన దగ్గర మే నెలలో మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద ద్రవం 42 డిగ్రీలుంటే 15 డిగ్రీల తేడా వస్తుంది, అంటే 0.010 కలపాలి. 1.230 చదివిన బ్యాటరీ నిజానికి 1.240 దగ్గర ఉంది. పాఠం ఆ మాట చెప్పకపోతే శిక్షణార్థి బాగున్న బ్యాటరీని బలహీనం అంటాడు, బండి యజమాని అనవసరంగా కొత్తది కొంటాడు. సామగ్రి మన ఎండను లెక్కలోకి తీసుకుందా అన్నది అందుకే నేను అడుగుతాను.

ఇక భాష. మన శిక్షణార్థులు ఎక్కువమంది పదో తరగతి పాసై వచ్చినవారు, ఇంగ్లిషు చదవడం చాలామందికి కష్టం. అందువల్ల తెలుగు సామగ్రి కావాలన్న మీ ఆలోచన న్యాయమైనదే. కానీ ఏ తెలుగు? ఈమధ్య యంత్రంతో అనువదించిన నోట్సులు చాలా వస్తున్నాయి. వాల్వ్ క్లియరెన్స్‌ను “వాల్వ్ అనుమతి” అని, స్టీరింగ్ ప్లేను “స్టీరింగ్ ఆట” అని, బ్రేక్ బ్లీడింగ్‌ను “బ్రేక్ రక్తస్రావం” అని రాసిన పేజీలు నేను చూశాను. చదివే పిల్లవాడు అది తనకు అర్థం కాని గొప్ప విషయమని భయపడతాడు తప్ప, పుస్తకమే తప్పని అనుకోడు. మరోవైపు అచ్చ తెలుగు కోసం పట్టుబట్టి ప్రతి భాగానికీ ఒక కొత్త సంస్కృత సమాసం పుట్టించినా అంతే నష్టం. ఆ పేరుతో షెడ్డులో ఎవరూ పిలవరు, పార్ట్స్ షాపులో ఎవరూ ఇవ్వరు.

మంచి సామగ్రి మూడు పేర్లనూ కలుపుతుంది. గాస్కెట్‌ను ఆటోనగర్‌లో ప్యాకింగ్ అంటారు, స్టార్టర్ మోటారును సెల్ఫ్ అంటారు, ఆల్టర్నేటర్‌ను ఇప్పటికీ డైనమో అంటారు, లీఫ్ స్ప్రింగులను కమాను కట్టలు అంటారు, స్పానర్‌ను పానా అంటారు. శిక్షణార్థి షెడ్డుకు వెళ్లిన మొదటిరోజే మేస్త్రి “సెల్ఫ్ దించు” అంటాడు. పరీక్షలో స్టార్టర్ మోటార్ అని వస్తుంది. మాన్యువల్‌లో, బండి కంప్యూటర్ నుంచి లోపాల కోడ్‌లు చదివే స్కానర్ తెరమీద ఇంగ్లిషు అక్షరాల్లో ఉంటుంది. పాఠం మొదట్లో ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టిన చిన్న పట్టిక ఉంటే ఆ సామగ్రికి నేను చాలా విలువ ఇస్తాను. వివరణ అంతా మామూలు తెలుగులో, భాగాల పేర్లు వాడుకలో ఉన్న పేర్లతో ఉండాలి. వాక్యాలు ఎంత పొడవున్నాయో చూసే సులభమైన పద్ధతి ఒకటుంది: ఒక పేరాను శిక్షణార్థితో బయటికి చదివించండి, వాడు ఊపిరి తీసుకున్న చోట అర్థం పూర్తి కాకపోతే ఆ వాక్యం విరిచి రాయాల్సిందే.

బొమ్మల గురించి ఎక్కువ చెప్పను. రెండు విషయాలు చూడండి. ఒకటి, బొమ్మలో కుడిచేతి స్టీరింగ్ బండి ఉందా లేక విదేశీ బండి బొమ్మను అలాగే ఎత్తి పెట్టారా. ఎడమచేతి స్టీరింగ్ బండి బొమ్మ చూసి మాస్టర్ సిలిండర్‌ను రెండోవైపు వెతికిన పిల్లలను చూశాను. రెండు, ఫొటోకాపీ తీసిన తర్వాత బొమ్మ మిగులుతుందా. మన సంస్థల్లో పుస్తకం ఒకటి కొని నలభై కాపీలు తీస్తారు, రంగుల్లో మాత్రమే అర్థమయ్యే వైరింగ్ డయాగ్రమ్ నలుపు తెలుపులో ఎందుకూ పనికిరాదు.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది లోపాలు కనిపెట్టే పాఠాల మీద. మోటారు మెకానిక్ పనిలో విప్పడం, బిగించడం చేయి నేర్చుకుంటుంది. ఏది విప్పాలో తేల్చుకోవడమే అసలు విద్య. బలహీనమైన సామగ్రిలో ఈ అధ్యాయం రెండు గడుల పట్టికగా ఉంటుంది: ఎడమవైపు లోపం, కుడివైపు పరిష్కారం. స్కానర్ కోడ్‌ల విషయంలో ఇది మరీ ప్రమాదం. ఉదాహరణకు పీ0335 అనే కోడ్ తీసుకోండి. ఒక స్లైడులో దాని ఎదురుగా “క్రాంక్ సెన్సర్ మార్చవలెను” అని ఉంది. ఆ కోడ్ చెప్పేది క్రాంక్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సర్ సర్క్యూట్‌లో లోపం ఉందని. సర్క్యూట్ అంటే సెన్సర్ ఒక్కటే కాదు: కనెక్టర్, దాని పిన్నులు, మూడు వైర్లు, సప్లై వోల్టేజీ, ఎర్త్, సెన్సర్‌కూ పళ్ల చక్రానికీ మధ్య దూరం, ఆ చక్రం పళ్లు, చివరికి కంట్రోల్ యూనిట్ కూడా అందులో భాగమే. మా దగ్గరికి ఒకసారి ఇదే కోడ్‌తో ఒక కారు వచ్చింది, అప్పటికే రెండుసార్లు సెన్సర్ మార్చారు. కనెక్టర్ విప్పి, వైరు వెంట వేలు పెట్టి వెనక్కి జరుపుకుంటూ వెళితే జానెడు దూరంలో ఎలుక కొరికిన చోటు తగిలింది. ఒక్క రాగి పోగు మీద వేలాడుతోంది. రెండు సెన్సర్ల డబ్బు, యజమాని రెండు వారాల తిరుగుడు వృథా. కోడ్ చూడగానే భాగం మార్చడం నేర్పే పాఠం ఇలాంటి మెకానిక్‌లనే తయారుచేస్తుంది.

కాబట్టి ఈ అధ్యాయంలో ఒక లోపాన్ని తీసుకుని, మొదట ఏ పరీక్ష చేయాలి, దాని ఫలితం ఇలా వస్తే ఎటు వెళ్లాలి, అలా వస్తే ఎటు వెళ్లాలి అని నడిపించే క్రమం ఉందో లేదో చూడండి. డబ్బు ఖర్చు లేని పరీక్షలు ముందు, విప్పాల్సిన పరీక్షలు తర్వాత, భాగం మార్చడం చివర రావాలి. ఈ వరుస తలకిందులుగా ఉన్న సామగ్రిని, మిగతావన్నీ బాగున్నా సరే, ఆ అధ్యాయం వరకైనా పక్కన పెట్టమని మిమ్మల్ని కోరుతున్నాను. ఆటోనగర్‌కు బండి తెచ్చుకునే వ్యక్తి చాలాసార్లు ఆ బండి మీదే కుటుంబాన్ని నడిపే డ్రైవరు. అనవసరంగా మార్చిన ప్రతి భాగమూ అతని సంపాదనలోంచే పోతుంది.

సామగ్రి ఎంత కొత్తది అన్నది తర్వాతి ప్రశ్న. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా వాహనాల పొగకు భారత్ స్టేజ్ 6 అనే కాలుష్య ప్రమాణం అమల్లోకి వచ్చింది, నాలుగో దశ నుంచి ఐదును దాటి నేరుగా ఆరుకు వెళ్లాం. డీజిల్‌లో గంధకం పదిలక్షల్లో 50 భాగాల నుంచి 10 భాగాలకు తగ్గింది, డీజిల్ బండ్లలో పొగమసిని పట్టే ఫిల్టర్లు, లారీల్లో యూరియా ద్రవంతో పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే ఎస్‌సీఆర్ వ్యవస్థలు మామూలైపోయాయి. ఆ ద్రవంలో యూరియా 32.5 శాతం, మిగతాది శుద్ధజలం. ఇక్కడ మన ప్రాంతానికి ప్రత్యేకమైన ఒక హెచ్చరిక పాఠంలో ఉందేమో చూడండి. పొలం ఉన్న ఇంట్లో ఎరువు యూరియా ఎప్పుడూ ఉంటుంది, దాన్నే నీళ్లలో కలిపి ట్యాంకులో పోస్తే డబ్బు మిగులుతుందని అనుకునేవారున్నారు. మన ఎరువు యూరియాకు వేపనూనె పూత ఉంటుంది, ఇతర మలినాలూ ఉంటాయి; అవి ఇంజెక్టర్‌ను, కెటలిస్టును పాడుచేస్తాయి. ఈ సంగతి చెన్నైలోనో ఢిల్లీలోనో రాసిన పుస్తకంలో లేకపోవచ్చు. లేకపోతే మీరే ఒక పేరా రాసి అతికించండి.

అయితే కొత్తదనం పేరుతో పాతదంతా తీసేసిన సామగ్రి కూడా మనకు సరిపోదు. మిర్చి యార్డు సీజన్‌లో గుంటూరుకు వచ్చే లారీలను ఒకరోజు నిలబడి గమనించండి, కొత్త బండి పక్కనే పదిహేనేళ్ల బండి కనిపిస్తుంది. డెల్టా పల్లెల ట్రాక్టర్లలో చాలావాటికి ఇప్పటికీ మెకానికల్ డీజిల్ పంపే. పంపులో గాలి చేరితే బ్లీడింగ్ ఎలా చేయాలో తెలియని కుర్రాడిని ఇక్కడి షెడ్డు పనిలో పెట్టుకోదు. ఇక ఆటోల సంగతి: సీఎన్‌జీ సిలిండర్‌లో గ్యాస్ దాదాపు 200 బార్ ఒత్తిడిలో ఉంటుంది, మూడేళ్లకోసారి సిలిండర్‌కు హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) తప్పనిసరి. ఆటోలు ఇంతగా తిరిగే విజయవాడలో పనిచేయబోయే మెకానిక్‌కు ఈ పాఠం అరపేజీతో సరిపోదు. మీ సంస్థ చుట్టుపక్కల ఐదారు షెడ్డులకు వెళ్లి, గత వారంలో ఏ బండ్లు, ఏ పనుల మీద వచ్చాయో రాసుకోండి. ఆ కాగితాన్ని విషయసూచిక పక్కన పెడితే, ఏ సామగ్రి మన బండ్ల గురించి మాట్లాడుతోందో స్పష్టంగా తెలుస్తుంది.

భద్రత విషయంలో నేను రాజీపడను, మీరు కూడా పడకండి. చాలా పుస్తకాల్లో భద్రత మొదటి అధ్యాయంగా ఉంటుంది, ఆ తర్వాత ఆ మాట మళ్లీ రాదు. మొదటి వారంలో చదివింది పదో నెలలో బండి కిందకు దూరేటప్పుడు గుర్తుండదు. హెచ్చరిక ఆ పని జరిగే అంగకు ముందు రావాలి, తర్వాత కాదు. “రేడియేటర్ మూత తీయవలెను” అని రాసి, రెండు వాక్యాల తర్వాత “ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు తీయరాదు” అని రాసిన పుస్తకం నా దగ్గర ఇప్పటికీ ఉంది. చదువుతూ పని చేసేవాడి చెయ్యి అప్పటికే మూత మీద ఉంటుంది. ప్రతి జాబ్‌లోనూ జాకీ ఎత్తిన వెంటనే స్టాండు పెట్టమన్న మాట ఉందా, బ్రేక్ డ్రమ్ము విప్పినప్పుడు దుమ్మును గాలి పైపుతో ఊదవద్దని ఉందా, బ్యాటరీ చార్జింగ్ దగ్గర నిప్పురవ్వ రాకూడదని, హైడ్రోజన్ వాయువు పుడుతుందని కారణంతో సహా ఉందా అని చూడండి. కారణం చెప్పని హెచ్చరికను ఆ వయసు పిల్లలు పాటించరు.

ఎలక్ట్రిక్ వాహనాల పాఠం ఉంటే దాన్ని విడిగా, ఇంకా కఠినంగా చూడండి. 2022 ఏప్రిల్‌లో విజయవాడలోనే ఇంట్లో చార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలి ఒకరు ప్రాణం కోల్పోయారు. ఇది మనకు దూరపు వార్త కాదు. కార్ల విషయంలో హై వోల్టేజీ ఉండే నారింజ రంగు కేబుళ్లను గుర్తుపట్టడం, ఆ సర్క్యూట్‌ను విడదీసే సర్వీస్ ప్లగ్ తీసి కంపెనీ చెప్పినంతసేపు ఆగడం, ఆగిన తర్వాత కూడా మీటరుతో వోల్టేజీ లేదని నిర్ధారించుకోవడం, 1000 వోల్టుల రేటింగ్ ఉన్న చేతి తొడుగులను వాడేముందు గాలి నింపి చిల్లులు చూసుకోవడం, ఈ నాలుగూ వరుసగా లేని పాఠాన్ని తరగతిలో చూపించండి తప్ప బండి దగ్గరికి తీసుకెళ్లకండి.

ప్రశ్నల విషయం. ఐటీఐ విధానంలో ప్రాక్టికల్‌లో ఉత్తీర్ణతకు 60 శాతం, థియరీలో 33 శాతం కావాలి. అంటే విధానమే చేతిపనికి పెద్ద పీట వేసింది. కానీ థియరీ పరీక్ష కంప్యూటర్ మీద బహుళైచ్ఛిక ప్రశ్నలతో జరుగుతుంది కాబట్టి, గైడులన్నీ ప్రశ్న, నాలుగు జవాబుల పుస్తకాలుగా మారిపోయాయి. పరీక్ష ముందు అవి ఉపయోగమే, నేను కాదనను. అయితే సామగ్రిలోని ప్రశ్నల్లో ఎన్ని గుర్తుంచుకుంటే చాలినవి, ఎన్ని ఆలోచిస్తే తప్ప రానివి అన్నది లెక్కపెట్టండి. రెండో రకం ఎలా ఉంటుందంటే: నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్‌లో కంప్రెషన్ వరుసగా 12, 12, 7, 12 బార్ వచ్చింది, మూడో సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తే 11 వచ్చింది, లోపం ఎక్కడ? రింగులు, బోరు వైపు అని చెప్పగలిగితే శిక్షణార్థికి విషయం అర్థమైంది. ఆయిల్ పోసినా 7 మీదే ఉంటే? అప్పుడు వాల్వులు, హెడ్ ప్యాకింగ్ వైపు చూడాలి. ఇలాంటి ప్రశ్న అధ్యాయానికి ఒక్కటైనా ఉన్న పుస్తకం నాకు దొరికితే ఎంతో సంతోషిస్తాను.

వీడియోలు ఒక విషయంలో పుస్తకానికి అందని మేలు చేస్తాయి: కదలికను, శబ్దాన్ని చూపిస్తాయి. క్లచ్ విడిపోవడం, సింక్రోనైజర్ కలవడం, చెడిన బేరింగ్ చప్పుడు, ఇవి కాగితం మీద రావు. మిగతా చోట్ల వీడియో చూసిన పిల్లవాడు తనకు వచ్చేసిందనుకుంటాడు. వీడియో అయిపోగానే ఆపి, అదే పనిని చేతికివ్వండి. చేయగలిగితేనే ఆ వీడియోకు మార్కు వేయండి.

మీ మూడింటి గురించి నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెప్తున్నాను. వెన్నెముకగా నిమి పుస్తకాలనే ఉంచండి. అవి సిలబస్‌ను అనుసరించి, జాబ్‌ను అంగలుగా విడగొట్టి, థియరీకీ ప్రాక్టికల్‌కూ సంబంధం కుదిరేలా తయారైనవి. మీ దగ్గరున్న కాపీ ఎప్పటి ముద్రణో, సవరించిన సిలబస్‌కు సంబంధించినదో కాదో తప్పక చూసుకోండి. చాలా సంస్థల బీరువాల్లో పాత ముద్రణే తిరుగుతోంది. వాటిలో భాష అక్కడక్కడా బరువుగా ఉంటుంది, మన బండ్ల ప్రత్యేకతలు ఉండవు. ఆ రెండు లోట్లనూ మీరు రాసే ఒకటి రెండు పేజీల స్థానిక జాబ్ షీట్లతో తీర్చవచ్చు. గైడును చివరి రెండు నెలల పరీక్ష అభ్యాసానికి మాత్రమే, అంకెలు సరిచూసిన తర్వాత వాడండి. వీడియోలను మొత్తంగా కొనకుండా, విడిగా అమ్ముతారేమో అడగండి. ట్రాన్స్‌మిషన్, క్లచ్, బ్రేకుల వరకు తీసుకుని, లోపాలు కనిపెట్టే భాగాన్ని ముందు మీరు పూర్తిగా చూడకుండా ఒప్పుకోకండి.

నివేదికలో మార్కుల పట్టిక కన్నా, మీ శిక్షణార్థులు ఆగిన చోట్ల పెన్సిల్ గుర్తులున్న పేజీల కాపీలను ముందు పెట్టండి. ఏ పేజీలో ఎవరు ఎందుకు ఆగారో ఒక్కో వాక్యం రాయండి, పేర్లు వద్దు. మెకానిక్ పని తెలియని యాజమాన్యానికి కూడా ఆ గుర్తులు అర్థమవుతాయి. ట్యాపెట్ జాబ్‌తో పాటు రెండో పరీక్షగా వెనుక డ్రమ్ బ్రేక్ విప్పి, శుభ్రం చేసి, బిగించి, సర్దుబాటు చేసే జాబ్‌ను పెట్టుకోండి. స్ప్రింగులు ఏ వైపువి ఆ వైపు పెట్టారో లేదో డ్రమ్ము తీసి చూస్తే తెలిసిపోతుంది, రెండు జాబ్‌లూ కలిపి మూడు రకాల సామగ్రికీ వేర్వేరు శిక్షణార్థులతో చేయించడానికి మీకు ఆరు పూటలు పడుతుంది.